బండక్క ఇంజను విప్పిన వేసవి

ఆవిడకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో మాత్రం దాన్ని వాడినవాళ్లు లేరు. పాత పికప్ బండి నడుపుతుంది కాబట్టి బండక్క. ఆవిడకన్నా పెద్దవాళ్లకీ బండక్కే, బడికెళ్లే పిల్లలకీ బండక్కే. కట్టుకున్న మొగుడు కూడా ఎవరైనా ఇంటి గుర్తులు అడిగితే, "బండక్క ఇల్లెక్కడని అడగండి, ఎవరైనా చెప్తారు" అనేవాడు తప్ప తన పేరు చెప్పుకునేవాడు కాదు. ఆయన దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఆ సూదులు నోట్లో ఉండబట్టే కాపురం ఇన్నాళ్లు సజావుగా సాగిందని వీధిలో అనుకునేవారు.

బండక్క మంచి మనిషే. కాకపోతే ఆ మంచితనం దాకా చేరాలంటే ముందు ఆవిడ నోటిని దాటి రావాలి. శుభ్రం విషయంలో అయితే ఆవిడతో పెట్టుకున్నవాళ్లెవరూ బాగుపడలేదు. వంటింట్లో స్టీలు గ్లాసులు పొడుగును బట్టి వరసగా నిలబడాలి. ఎవరైనా నీళ్లు తాగి గ్లాసు తప్పు చోట పెడితే పెరట్లో ఉన్నా చప్పుడును బట్టి పట్టేసేది. ఇక బండి సంగతి చెప్పనక్కర్లేదు. తెల్లారగానే టీ కూడా తాగకుండా ఇంటి పక్క రేకుల షెడ్డులోకి బకెట్టుతో పోయేది. టైర్ల గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లను పుల్లతో పొడిచి తీసేది. మట్టి మోసే బండికి ఇంత సోకెందుకక్కా అని ఎవరైనా నవ్వితే, "మట్టి బండిలో ఉండాలి, బండికి కాదు" అనేది.

మట్టి అంటే మొక్కల మట్టి. ఊరి చివర గుట్ట మీద పెద్ద మొక్కల తోట ఉంది. కింది నుంచి ఎర్రమట్టి, ఎరువు బస్తాలు, ఖాళీ కుండీలు పైకి చేరవేయడం, పై నుంచి మొక్కలు కిందికి దించి ఇళ్లకూ ఆఫీసులకూ పంచడం ఆవిడ పని. ఏళ్ల తరబడి అదే దారి, అదే బండి. గుట్ట మలుపుల్లో ఒక్క కుండీ పగలకుండా దించుతుందని తోట పెద్దాయన నలుగురి ముందూ చెప్పేవాడు. ఆ మాట విన్న రోజున దర్జీగారు ఇంట్లో కాస్త ప్రశాంతంగా కుట్టుకునేవాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు. బజారు వీధిలో, పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు చేసిచ్చే చిన్న ల్యాబులో పని చేసేది. "పగలంతా ఊళ్లోవాళ్లకి పళ్లు కడుతుంది, ఇంటికొస్తే మాత్రం నోరు విప్పదు" అని తల్లి ఎత్తిపొడిచేది. కుర్చీలో కూర్చుని వేలెడు లేని వస్తువును రోజంతా అరగదీయడం ఒక పనేనా అని ఆవిడ అనుమానం. చిన్నప్పుడు ఆ పిల్ల ఐసుక్రీము చేతులతో బండి స్టీరింగు పట్టుకుంది. ఆ రోజు పడ్డ చీవాట్లు ఎంత గట్టివంటే, ఆ తర్వాత బండెక్కిన ప్రతిసారీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చునేది. పెద్దదయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. తల్లి దాన్ని బుద్ధిమంతురాలి లక్షణం అనుకుంది.

ఆ వేసవిలో బండి మొరాయించింది. ముందు నీలంగా పొగ, తర్వాత నూనె తాగడం, ఆపైన లాగలేక ఆయాసం. ఒకరోజు నిండా మట్టి బస్తాలతో గుట్ట ఎక్కుతుంటే సగం దారిలో, పెద్ద మలుపు దగ్గర, ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. బండి వెనక్కి జారబోయింది. బండక్క బ్రేకు మీద నిలబడి, చేతి బ్రేకు లాగి, దిగి, దారి పక్కనున్న పెద్ద రాయి దొర్లించి చక్రం వెనక పెట్టింది.  ఆ దారిన పోయే లారీవాళ్లు ఆగి మరీ సలహాలిచ్చారు. ఒక్కడూ దిగి చెయ్యి వెయ్యలేదు.

ఎలాగో కిందికి చేర్చాక మేస్త్రీ వచ్చి చూశాడు. ఆ ప్రాంతంలో బళ్లన్నీ బాగు చేసేది ఆయనే. నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు, పొగ వాసన చూశాడు, బానెట్ దించేశాడు.

"అక్కా, దీని పని అయిపోయింది. బోరు అరిగింది, రింగులు పోయాయి, కింద బేరింగులు కూడా మోగుతున్నాయి. ఈ మోడలు ఇప్పుడు ఎవరూ విప్పట్లేదు. పాత ఇనుముకి ఇచ్చెయ్, నీకూ సుఖం."

"నిన్నడిగింది బాగు చేస్తావా అని. నా సుఖం సంగతి నిన్నెవరడిగారు?"

"నా దగ్గర అంత తీరిక లేదక్కా. నెల పడుతుంది. పట్టినా నడుస్తుందన్న నమ్మకం నాకు లేదు."

తోట పెద్దాయన మర్యాదస్తుడు. మరునాడు తనే నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. మంచినీళ్లు తాగి, గ్లాసు తీసిన చోటే పెట్టి, అసలు సంగతి చెప్పాడు. మొదటి వాన పడితే మొక్కలన్నీ ఒక్కసారి దిగాలి, ఆయన ఏడాది వ్యాపారమంతా ఆ వారాల్లోనే. "వాన పడేలోగా నీ బండి గుట్టెక్కిందా, పని ఎప్పట్లాగే నీది. లేదంటే ఇంకో బండితో ఖాయం చేసుకోవాలమ్మా. ఖాయం చేసుకున్నాక వాళ్లని మధ్యలో పొమ్మనలేను." బండక్క సరేనంది. కోప్పడటానికి ఆయన ఒక్క తప్పు మాట కూడా మాట్లాడలేదు, అదే ఆవిడకు మింగుడుపడలేదు.

ఆ సాయంత్రం ఆవిడ షెడ్డులో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. నడవని బండిని కూడా పొద్దున కడిగింది, మళ్లీ కడగడానికి ఏమీ లేదు. ల్యాబు నుంచి వచ్చిన కూతురు చెప్పులు విప్పి లోపలికి పోకుండా షెడ్డులోకి వచ్చింది.

"విప్పుదాం అమ్మా."

"ఎవరు విప్పుతారు?"

"నువ్వూ నేనూ."

బండక్క నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళే ఎక్కువ. కానీ నవ్వడం అయ్యాక ఆలోచించింది. పెళ్లికి ముందు ఆవిడ మేనమామ వర్క్‌షాపులో పానాలు అందించింది, క్లచ్చి ప్లేట్లు సొంతంగా మార్చింది. ఇదే ఇంజను ఒకసారి విప్పినప్పుడు పక్కనే కూర్చుని చూసింది కూడా. బోల్టు ఎంత బిగించాలో ఆవిడ భుజానికి తెలుసు. రానిదల్లా దగ్గరి చూపే. ఇంజను లోపల నూనె పారే సూది బెజ్జమంత దారులు ఇప్పుడు కంటికి ఆనవు.

"అరగదీసే పని కాదే ఇది" అంది చివరికి.

"అరగదీసే పని ఇనుము తొలిచే లేతు షాపువాళ్లు చూసుకుంటారు, మనం విప్పి కలపడమే" అంది కూతురు.

అలా మొదలైంది. మేస్త్రీ ఇంజను ఎత్తే గొలుసు కప్పీ అరువిచ్చాడు. బాగు చేయలేకపోయినందుకు ఆ మాత్రం ముఖం చెల్లాలి కదా. దాన్ని షెడ్డు దూలానికి వేలాడదీసి, ఇద్దరూ కలిసి ఇంజనును పైకి లేపారు. ఆదివారాలు పొద్దంతా, మిగతా రోజుల్లో ల్యాబు వదిలాక వెలుతురు ఉన్నంతసేపూ పని. దర్జీగారు పోగులు రాలని పాత పాలిస్టరు ముక్కలు కత్తిరించి ఇచ్చాడు. నూలు గుడ్డతో తుడిస్తే పీచు నూనె దారుల్లో ఇరుక్కుంటుందని కూతురు చెప్పింది. ఆయన కుట్టుమిషను బ్రష్షులు కూడా ఇచ్చి, అవి తిరిగొస్తాయన్న ఆశ ఆ క్షణమే వదులుకున్నాడు.

తల్లి విప్పుతుంటే కూతురు ఒక్కో భాగం మీదా ల్యాబు నుంచి తెచ్చిన ఊదారంగు పెన్సిలుతో గుర్తు రాసింది. పళ్లకు రాసినట్టే: ముందు ఎడమ ఒకటి, వెనక కుడి రెండు. అన్నిటికన్నా ముఖ్యమైనవి బేరింగు క్యాపులు, అంటే ఇంజను నడుములో తిరిగే క్రాంకును కింది నుంచి పట్టి ఉంచే ఇనుప మూతలు. ప్రతి మూతనూ దాని చోట పెట్టే తొలిచి ఉంటారు. ఒకదాని చోట ఇంకొకటి పెట్టి బిగిస్తే క్రాంకు కదలదు. బలవంతాన తిప్పితే కొత్త బేరింగులు గంగపాలే. వాటి మీద కంపెనీ కొట్టిన అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకే కూతురు వాటి మీద రెండుసార్లు రాసింది.

"పిచ్చుక గూడు కట్టినట్టు ఆ గీతలేంటే" అని విసుక్కుంది తల్లి.

"ఉండనీ అమ్మా."

లేతు షాపులో బోరును, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలను, కొత్తగా తొలిచి ఇచ్చారు. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వచ్చాయి. బిగించడమే తరువాయి. పాత బేరింగు ముక్కలన్నీ చెత్తలో పోయాయి. ఇక్కడిదాకా అంతా సాఫీగా సాగింది. తల్లి కూతుర్ని తిట్టకుండా వారం గడిపిన దాఖలా ఆ ఇంట్లో అంతకు ముందు లేదు.

ఒకరోజు కూతురు ల్యాబుకి వెళ్లింది. బండక్కకు చేతులు ఊరుకోలేదు. రేపు బిగించబోయే భాగాలు జిడ్డుతో ఎలా బిగిస్తారు? పెద్ద తొట్టెలో కిరసనాయిలు పోసింది, బ్రష్షు పట్టింది, పొద్దెక్కేదాకా తోమింది. తర్వాత సబ్బునీళ్లు, తర్వాత మంచినీళ్లు, తుప్పు పట్టకుండా మీద పల్చగా నూనె పూత. డాబా మీద పాత దుప్పటి పరిచి ఎండబెట్టింది. తీసిన వరసలోనే పెట్టింది మొదట. ఏది ఎక్కడిదో కలిసిపోతే ఇంజను తిరగదని ఆవిడకు తెలియక కాదు. కానీ ఆ వరస చూడటానికి బాగాలేదు. ఒకటి పెద్దది, పక్కన చిన్నది, మళ్లీ పెద్దది. టీ తాగుతూ, తోట పెద్దాయన ఏం చేస్తున్నాడో ఈపాటికి అని ఆలోచిస్తూ ఉంటే, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చూసేసరికి దుప్పటి మీద పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస, మెరుస్తూ, వంటింట్లో గ్లాసుల మాదిరిగా నిలబడ్డాయి. గీతలున్నాయిగా, ఫర్వాలేదు అనుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే గీతల సంగతి ఆవిడ బ్రష్షుతో అప్పటికే చూసేసింది.

కూతురు వచ్చి డాబా ఎక్కింది. దుప్పటి ముందు నిలబడింది. ఒక మూత తీసి తిప్పి చూసింది, ఇంకోటి తీసింది.

"అమ్మా, గుర్తులేవి?"

"ఏ గుర్తులు?"

"మీద రాశాను కదా."

"ఆ గీతలా? కిరసనాయిలు పోసి రెండుసార్లు రుద్దితే గానీ వదల్లేదు. ఏం పెన్సిలే అది, మొండి ఘటం."

అన్నాక ఆవిడకే వినిపించింది తను ఏమందో. కూతురు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరుపుకు ఎదురు అరవడం బండక్కకు వెన్నతో పెట్టిన విద్య. ఆ పిల్ల మూతను తీసిన చోటే పెట్టి, దుప్పటి పక్కన గొంతు కూర్చుని, వాటిని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా ఆకాశంలో ఒక మూల సన్నగా మబ్బు పట్టింది. బండక్క దానికేసి చూసి, చరచరా కిందికి దిగి, ఇంజను లేని బండిలో ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది. తన చేతులను చూసుకుంది. ఇన్నేళ్లు ఇంటిని, బండిని, మనుషుల్ని అద్దంలా ఉంచిన చేతులవి. వాటి మీద ఆవిడకు మొదటిసారి అసహ్యం వేసింది.

దర్జీగారు గుమ్మంలోకి వచ్చాడు. నోట్లో సూదులు తీసి చేతిలో పట్టుకున్నాడు. అంటే విషయం పెద్దదే.

"కలిసిపోయాయటగా" అన్నాడు మెల్లిగా.

"పాత ఇనుమువాణ్ణి పిలవండి. నేనే చేజేతులా చేసుకున్నాను. దాని కష్టం కూడా నీళ్లపాలు చేశాను."

"నేను పిలవను" అన్నాడాయన. భార్యకు ఆయన ఎదురు చెప్పడం ఆ షెడ్డు అంతకు ముందు ఎరగదు. "నీకు కావాలంటే నువ్వే పిలుచుకో. ముందు దాన్ని అడిగి పిలువు."

అడగనక్కర్లేకపోయింది. మరుసటి సాయంత్రం కూతురు ల్యాబు నుంచి చేతిలో చిన్న డబ్బీతో వచ్చింది. అందులో వేలెడంత వెడల్పున పల్చటి నీలం కాగితం పట్టీలు. కొత్త పన్ను పెట్టాక పైపన్నుకూ కిందిపన్నుకూ మధ్య ఆ కాగితం పెట్టి కొరకమంటారు. ఎక్కడ ఎత్తుగా తగులుతుందో అక్కడ నీలం అంటుకుంటుంది, అంతే అరగదీస్తారు. ల్యాబులో అచ్చు దవడల మీద కూతురి పని మొత్తం ఆ నీలం చుక్కను వెతకడమే.

"దవడలో పన్ను ఎలాగో, దీన్లో మూత అలాగే" అంది కూతురు. "దాని చోటైతే అన్నివైపులా సమంగా ఆనుతుంది. పరాయి చోటైతే ఒక మూలనే తగులుతుంది. గట్టిగా బిగించక్కర్లేదు, చేత్తో నొక్కితే చాలు. నువ్వు నొక్కు, నీ చెయ్యి బరువు. నేను చూస్తా."

"పళ్ల కాగితంతోనా?" అంది బండక్క. అన్నదే గానీ లేచి చేతులు కడుక్కుని వచ్చింది.

ముందుదీ వెనకదీ ఆకారం వేరు, వాటితో పేచీ లేదు. మధ్యలోవి మాత్రం ఒక్క కాన్పులో పుట్టినట్టున్నాయి. పిస్టన్ల కాళ్లకు బిగించే చిన్న మూతలదీ అదే వరస. మొదటి మూత పెట్టి నొక్కారు. తీస్తే కుడి మూల ఒక్క నీలం మచ్చ. రెండో చోట పెడితే ఎడమ అంచున గీత. కూతురు కిటికీ వెలుతురులో మూతను అటూ ఇటూ వంచి, కళ్లు చికిలించి, తల అడ్డంగా ఊపింది. బండక్క ఆ తల ఊపడాన్నే చూస్తూ కూర్చుంది. ఇంత చిన్న మచ్చ కోసం ఇంతసేపు ఊపిరి బిగబట్టి చూసే మనిషి తన ఇంట్లో ఇన్నాళ్లు ఉందని ఆవిడ గమనించనే లేదు.

"ఇది ఒక పక్క నల్లబడింది చూడు" అంది కూతురు ఇంకోటి చూపిస్తూ. "కడిగినా పోలేదు."

బండక్క దాన్ని అరచేతిలో పెట్టుకుంది. తోమేటప్పుడు ఆ నలుపు వదలట్లేదని దాన్నే తిట్టుకుంది. ఇప్పుడు వేరేగా కనిపించింది.

"వదలదే. అది మురికి కాదు, కాలిన మచ్చ. నువ్వు బడికెళ్లే రోజుల్లో నూనె గొట్టం పగిలి, గుట్ట దింపులో ఇంజను మాడిపోయింది. చప్పుడు నా కాళ్ల దగ్గర్నుంచి వచ్చింది, ముందు నుంచి కాదు. అంటే ఇది వెనకవైపుది. వెనక నుంచి రెండోది."

పెట్టి నొక్కారు. తీశారు. మూత అంచు చుట్టూ నీలం సమంగా, గోరింటాకు పెట్టినట్టు అంటుకుంది. కూతురు తల నిలువుగా ఊపింది.

ఆ తర్వాత ఇద్దరికీ పూనకం వచ్చినట్టే అయింది. తల్లి ఒక్కో ముక్కనూ తడిమి దాని బతుకు కథ చెప్పేది: దీన్ని ఫలానా చోట సుత్తితో కొట్టి తీశారు, ఇది బోల్టు విరిగినప్పుడు మార్చింది, అందుకే దీని రంగు లేత. కూతురు కాగితం పెట్టి నిజమో కాదో తేల్చేది. ఎక్కువ భాగం నిజమే. పిస్టన్ల చిన్న మూతల్లో ఒకదాన్ని పట్టుకుని మాత్రం బండక్క ఘంటాపథంగా ఇది మూడోదేనంది.

"కాదమ్మా. మొదటిది."

"నాకు తెలీదా? నా బండి."

"నీ బండే. ఈ మూత మాత్రం మొదటిది" అని కూతురు నీలం అంటిన అంచును ఆవిడ కళ్ల ముందు పెట్టింది. బండక్కకు అంత దగ్గర కనపడదు. ఆ సంగతి ఒప్పుకోకుండా కాసేపు చూసినట్టు చూసి, "సరే, మొదటిదే" అంది. ఆవిడ నోట ఆ మాట విన్న దర్జీగారు ముందుగదిలో మిషను ఆపి, తను సరిగ్గానే విన్నాడా అని కాసేపు ఆలోచించాడు.

మూతలన్నీ వాటి చోట్లలో కూర్చున్నాక బండక్క బోల్టులు బిగించింది. ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, మధ్య నుంచి చివరలకు. ఇక తేలాల్సింది ఒక్కటే. క్రాంకు తిరుగుతుందా? ఆవిడ పానా పక్కన పెట్టి, "నువ్వు తిప్పు" అంది కూతురితో. కూతురు రెండు చేతులతో పట్టుకుని తిప్పబోయింది. రెండో చెయ్యి అవసరం పడలేదు. ఆ బరువైన క్రాంకు వెన్నలో తిరిగినట్టు చప్పుడు లేకుండా ఒక చుట్టు తిరిగి నిలిచింది. బండక్క ముఖం పక్కకు తిప్పుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులను మళ్లీ తుడుచుకుంది. ఏడుపొస్తే ఆవిడ చేసే పని అదే.

ఇంజను బండిలోకి దిగిన రోజున మేస్త్రీ తన కప్పీ తీసుకుపోవడానికని వచ్చాడు. కప్పీ ఒక నెపం, చూడ్డానికే వచ్చాడని అందరికీ తెలుసు. బండక్క తాళం తిప్పింది. స్టార్టరు తిరిగింది, ఇంజను అందుకోలేదు. మళ్లీ తిప్పింది. అంతే. షెడ్డులో ఎవరూ కదల్లేదు.  బండక్క మాత్రం కిందికి దిగి, డీజిలు గొట్టం మీదున్న చిన్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు నాలుగుసార్లు నొక్కింది. బుడగలు బుడగలుగా గాలి పోయి డీజిలు తిన్నగా కారింది. స్క్రూ బిగించి, ఎక్కి, తాళం తిప్పింది.

ఇంజను అందుకుంది. గుప్పున తెల్లటి పొగ షెడ్డంతా కమ్మి, పల్చబడి, పోయింది. ఆ తర్వాత వినిపించింది చప్పుడు కాదు, పాటే అనాలి. మేస్త్రీ బానెట్ మీదికి వంగి చాలాసేపు విన్నాడు.

"ఎవరు కలిపారక్కా?"

"మా ఇంటి మేస్త్రీ" అంది బండక్క, గడ్డంతో కూతురిని చూపిస్తూ. "పళ్ల మేస్త్రీ."

"మూత మారితే ఇలా తిరగదు. నేను చేసుంటే ఇంత బాగా వచ్చేది కాదేమో" అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు, మంచి మనిషి. "కొత్త బోరు కదా, కొన్నాళ్లు ఖాళీగా తిప్పండి. వెంటనే బరువు పెట్టకండి."

ఆ కొన్నాళ్లు ఆ ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు. పొద్దునా సాయంత్రం తల్లీకూతుళ్లు చదును రోడ్ల మీద ఖాళీ బండిని ఊరేగించారు. మబ్బులు రోజూ వచ్చి గుట్ట మీద కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు లేచిపోయేవి. తోటకి కొత్త బండివాడెవడో వచ్చి బేరం మాట్లాడి వెళ్లాడని కబురు తెలిసింది. బండక్క ఆకాశాన్ని తిట్టిన తిట్లు విని పక్కింటివాళ్లు పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు.

చివరికి నూనె మార్చి, బోల్టులన్నీ మరోసారి బిగించి, ఒక ఆదివారం బండి నిండా మట్టి బస్తాలు ఎక్కించారు. తక్కువ వేసి చూద్దామంది కూతురు. "ఆగినప్పుడు నిండా ఉంది. ఎక్కితే నిండాగానే ఎక్కాలి" అంది తల్లి. అప్పటికే గాలి చల్లబడింది.

గుట్ట మొదట్లో గేరు మార్చింది. బండి గుర్రుమని ఎత్తు అందుకుంది. కూతురు చిన్నప్పట్లాగే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెద్ద మలుపు కనిపించింది. దారి పక్కన ఆ రాయి, ఆవిడ చక్రం వెనక దొర్లించిన రాయి, ఇంకా అక్కడే ఉంది. బండక్క రెండు చేతులూ స్టీరింగు మీద బిగిశాయి.

"చేతులు అలా ఒళ్లో పెట్టుకుంటావేంటే? ముందు డాష్‌బోర్డు మీద పెట్టి చూడు. వణుకుతోందా?"

కూతురు ఒక్క క్షణం ఆవిడ వైపు చూసింది. తర్వాత అరచెయ్యి ఆనించింది, ల్యాబులో నీలం చుక్కను వెతికేటప్పుడు ఉండే ముఖంతో.

"లేదమ్మా. సమంగా ఉంది."

"అయితే తొక్కుతున్నా" అంది బండక్క, తొక్కింది. బండి ఆ రాయిని దాటింది. దాటినట్టు కూడా తెలియనంత మామూలుగా దాటింది. బండక్క కిటికీలోంచి తల బయటపెట్టి ఆ రాయిని తిట్టాల్సిన తిట్టు ఒకటి బాకీ ఉంటే అది తిట్టేసింది. మిగతా మలుపులన్నీ ఇద్దరూ నవ్వుతూనే ఎక్కారు.

తోట గేటు దగ్గర పెద్దాయన మడిచిన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన కొత్త బండివాడు, ఇంకా ఒప్పందం కాని మనిషి, చేతులు కట్టుకుని ఉన్నాడు. మొదటి చినుకు బండి అద్దం మీద పడింది, తర్వాత ఇంకోటి. పెద్దాయన నిండా ఉన్న బస్తాలను చూశాడు, ఆవిడ ముఖం చూశాడు. కొత్త బండివాడితో రెండు ముక్కలు మర్యాదగా మాట్లాడి పంపించి, లోపలికి తిరిగి పనివాళ్లను కేకేశాడు. "మట్టి దింపండి. మొక్కలు ఎక్కించండి, మన బండి వచ్చింది."

ఇంటికొచ్చేసరికి షెడ్డు రేకుల మీద వాన దంచుతోంది. బండక్క బకెట్టు కోసం చూడకుండా, బానెట్ ఎత్తి, "నీ పెన్సిలేదీ?" అంది.

"ఎందుకు?"

"ఇంజను విప్పి కలిపిన మేస్త్రీ దాని మీద తన పేరు రాస్తాడు. మా మేనమామ రాసేవాడు. రాయి."

కూతురు ఇంజను పైమూతను గుడ్డతో తుడిచి, కాసేపు ఆలోచించి, ఊదారంగు పెన్సిలుతో పొందిగ్గా రాసింది: అమ్మ, నేను.

బండక్క మెడ వెనక్కి జరిపి, అక్షరాలు ఆనేంత దూరం నుంచి చదువుకుంది. "నేను అంటే ఎవరనుకుంటారే చదివినవాళ్లు?"

"నువ్వు తప్ప దీన్ని ఇంకెవరు ఎత్తి చూస్తారమ్మా?"

మరునాడు తెల్లారి ఆవిడ ఎప్పట్లాగే టీ తాగకుండా బకెట్టు పట్టుకుంది. టైర్లు తోమింది, అద్దాలు తుడిచింది, బానెట్ ఎత్తి ఇంజను పైమూత మొత్తం కడిగింది. ఆ రెండు మాటల చుట్టూ మాత్రం గుడ్డ కొసను వేలికి చుట్టుకుని, ఒక్క అక్షరానికీ తడి తగలకుండా తుడిచింది.